దారం తెగలేదు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా నాన్నకు సరిగ్గా అర్థమయ్యేది కాదు. మైదుకూరు బజారులో మాది గుడ్డల కొట్టు. పంచెలు, చీరలు, రవికె గుడ్డలు అమ్మి నన్ను టెక్స్‌టైల్ డిప్లొమా చదివించాడు. కడప ఊరి బయట గుడ్డ నేసే ఫ్యాక్టరీలో చేరానంటే సంతోషించి, ఒకరోజు చూడడానికి వచ్చాడు. మగ్గం మీంచి దిగుతున్న తెల్లటి ప్లాస్టిక్ గుడ్డను వేళ్ళ మధ్య నలిపి, "దీన్ని ఎవురు కట్టుకుంటార్రా?" అన్నాడు.

కట్టుకోవడానికి కాదు నాన్నా, సంచులకు, అని చెప్పాను. మా ఫ్యాక్టరీలో తయారయ్యేవి టన్ను సంచులు. మనిషి నడుం కంటే ఎత్తు, నాలుగు మూలలా నాలుగు పట్టీలు. సిమెంటో, ముగ్గురాయి పొడో, ఎరువో ఒక టన్ను నింపి, ఆ పట్టీలకు కొక్కెం తగిలించి క్రేనుతో ఎత్తుతారు. ప్లాస్టిక్ గింజలను కరిగించి, సన్నటి రిబ్బనులా సాగదీసి, గుండ్రటి మగ్గాల మీద గుడ్డ నేసేవాళ్ళం. దాన్ని కత్తిరించి, కుట్టి, ఓడలెక్కించి యూరప్‌కు పంపేవాళ్ళం.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన మంచి కాలం అది. కట్టుకునే గుడ్డ వ్యాపారం ముసలిదైపోయింది, ఇక పనిచేసే గుడ్డదే రాజ్యం అని మా యజమాని అనేవాడు. రోడ్ల కింద పరిచే గుడ్డ, చెరువు అడుగున వేసే గుడ్డ, ఆసుపత్రి గుడ్డ, మొక్కలకు నీడనిచ్చే వల, వీటన్నిటినీ కలిపి టెక్నికల్ టెక్స్‌టైల్స్ అంటారని హైదరాబాదు సదస్సులో విని వచ్చాడు. ఆయనది వేరుశనగ పండించే రైతు కుటుంబం. బోర్లు ఎండిపోయాక పొలాలమ్మి ఈ మగ్గాలు తెచ్చాడు. "వానతో పన్లేని పంటప్పా ఇది," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కొత్త మగ్గాలు వచ్చిన ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టించేవాడు.

నా పని పరీక్షలు చేయడం. గుడ్డ ముక్కను యంత్రం కోరల మధ్య బిగించి, ఎంత బరువుకు చిరుగుతుందో రాయాలి. ఇంకో ముక్కను దీపాల పెట్టెలో రోజుల తరబడి ఉంచి, ఎండకు ఆగుతుందో లేదో చూడాలి. ప్లాస్టిక్ గుడ్డకు ఎండే శత్రువు. గింజల్లో ఎండను తట్టుకునే మందు కలపకపోతే, కడప ఎండలో ఒక్క వేసవికే అప్పడంలా పెళుసైపోతుంది. చూడడానికి మాత్రం తెల్లగా, కొత్తదానిలాగే ఉంటుంది.

కుట్టు హాల్లో పద్నాలుగో నంబరు మిషను మీద కోసిగి అనే దూరపు ఊరి నుంచి వచ్చిన ఆడమనిషి ఒకామె ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచేవాణ్ణి. వాళ్ళ ఊళ్ళో వానలు పడని ఏడాది ఇళ్ళకు తాళాలేసి జనమంతా పనికి ఎక్కడెక్కడికో వెళ్ళిపోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె మొగుడితో కలిసి సుగ్గికి తిరిగింది. గుంటూరు మిరప చేలల్లో పనిచేస్తున్నప్పుడు పాము కరిచి మొగుడు పోయాడు. ఆ తర్వాత కొడుకును అత్త దగ్గర వదిలి, మిషను కుట్టడం నేర్చుకుని, కడపకు వచ్చింది.

మూలల్లో పట్టీని గుడ్డకు కుట్టే పని అన్నిటికన్నా కష్టమైనది. మందమైన నాలుగు పొరల్లోంచి సూది దిగాలి. అక్కడ కుట్టు తప్పితే టన్ను బరువు కింద పడుతుంది. ఆ పని ఆమెకు ఇచ్చేవారు. ఆమె కుట్టిన మూల యంత్రంలో ఎన్నడూ ఓడిపోలేదు.

"నువ్వు సంచిని ఎత్తి సూస్తాండావు కదా సారూ, దాని కింద ఎవురన్నా నిలబడతారా?" అని ఒకసారి అడిగింది.

"నిలబడకూడదు. కానీ పనివాళ్ళు కదా, నిలబడతారు," అన్నాను.

"అయితే ఇంకో వరస కుట్టు ఏస్తా," అంది. ఎవరూ చెప్పకుండానే వేసేది కూడా.

పెట్రోలు ధర పెరుగుతూ పోయిన ఏడాది గింజల ధర కూడా మండిపోయింది. చైనా సంచులు మా కంటే చవకగా యూరప్ చేరుతున్నాయని, ధర తగ్గించకపోతే ఆర్డర్లు పోతాయని యజమాని రోజూ చెప్పేవాడు. మొదట గింజల్లో సుద్దపొడి వంతు పెరిగింది. తర్వాత చెత్తలోకి పోవలసిన పాత ప్లాస్టిక్‌ను కరిగించి కలపడం మొదలైంది. చివరికి ఎండకు ఆగే మందును సగానికి తగ్గించారు. అదే నెలలో నా దీపాల పెట్టెలో దీపం కాలిపోయింది. కొత్తది తెప్పించమని రెండుసార్లు అడిగాను.

"పాత అంకెలే రాయప్పా కొన్నాళ్ళు. అందరూ చేస్తాండేదే," అన్నాడు యజమాని.

రాశాను. గుడ్డ బలం తగ్గిందని నా వేళ్ళకు తెలుసు. నాన్న నలిపినట్టే నలిపి చూసేవాణ్ణి. అయినా ప్రతి లోడుకూ పాత అంకెలు వేసి, కింద సంతకం పెట్టాను. పెళ్ళయి ఏడాది కాలేదు. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ మైదుకూరు కొట్లో కూర్చోవాలన్న భయం. ఆ భయం పేరు చెప్పుకునే ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆరు నెలలకు యూరప్ కొనుగోలుదారు నుంచి ఉత్తరం వచ్చింది. ఏదో రేవులో మా సంచులను నింపి ఆరుబయట పెట్టారు. వాటిని ఎత్తేటప్పుడు ఒక సంచి మూల ఊడిపోయింది. కింద ఉన్న కూలీ రెండు కాళ్ళూ మోకాళ్ళ దగ్గర నలిగిపోయాయి. కాళ్ళు తీసేశారట. ఫొటోలు పంపారు. ఒక ఫొటోలో నేలంతా పొడి, ఆ పొడిలో ఒక బూటు. ఇంకో ఫొటోలో ఊడిన మూల, దాని పక్కన సంచి చీటీ, చీటీ మీద కుట్టినవాళ్ళ నంబరు. పద్నాలుగు.

ఫొటోలో అంతా స్పష్టంగా ఉంది. పట్టీకి కుట్టు అలాగే ఉంది. కుట్టు చుట్టూ గుడ్డే చిరిగి పట్టీతో పాటు ఊడి వచ్చింది.

యజమాని తలుపు వేసి నన్ను కూర్చోబెట్టాడు. "గుడ్డ చెడ్డదని రాస్తే ఫ్యాక్టరీ మూతపడతాది. ఇంతమంది నోట్లో మట్టి. కుట్టు తప్పని రాస్తే ఒక్క మనిషితో పోతాది. ఆ యమ్మకు ఇంకో చోట పని దొరుకుతాదిలే," అన్నాడు. దుర్మార్గుడని చెప్పలేను. అంత బేలగా ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. నివేదిక నేనే రాశాను. కుట్టులో లోపం, పద్నాలుగో నంబరు కార్మికురాలిని తొలగించాం, ఇకపై జాగ్రత్త పడతాం. సంతకం నాదే.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె నా గదికి వచ్చింది. చేతిలో, పనిలోంచి తీసేశామని ఇచ్చిన కాగితం ఉంది.

"నేను కుట్టిండేది యాడ ఊడినాదో సూపీ సారూ."

చూపించకుండా ఉండాల్సింది. కానీ ఫొటో ఆమె ముందు పెట్టాను. ఆమెకు అక్షరాలు రావు. గుడ్డ వచ్చు. కిటికీ వెలుగులోకి తీసుకుపోయి, గోటితో కుట్టు వెంబడి గీసుకుంటూ పోయింది.

"దారం తెగల్యా సారూ. సూడు, ఎట్ల నిలబడుకోనుండాదో. పక్కన గుడ్డ సినిగిపోయినాది. గుడ్డ సినిగితే నా తప్పు ఎట్లయితాది?"

నేను బల్ల మీది గుడ్డ ముక్కలను సర్దసాగాను.

"నీకు తెలుసు కదా?"

"పైవాళ్ళ నిర్ణయం అక్కా," అన్నాను.

ఆమె ఇంకాసేపు ఫొటోలో బూటును చూసింది. "ఆ యప్పకు పిల్లోళ్ళు ఉండారా?" అని అడిగింది. తెలియదన్నాను. ఫొటోను బల్ల మీద బోర్లించి వెళ్ళిపోయింది.

ఆ అబద్ధం మాకు మూడు నెలలు కూడా పనికిరాలేదు. కొనుగోలుదారు మా నివేదికను నమ్మకుండా గుడ్డను వాళ్ళ ల్యాబులో పరీక్ష చేయించుకున్నాడు. ఎండను ఆపే మందు సరిపడా లేదని తేలింది. ఆర్డర్లన్నీ రద్దయ్యాయి. అప్పుడే అమెరికాలో బ్యాంకులు కూలుతున్నాయన్న వార్తలు మొదలయ్యాయి. మిగతా దేశాల వాళ్ళూ కొనడం ఆపేశారు. ఒక్కో మగ్గం ఆగుతూ వచ్చి, సంక్రాంతి లోపలే హాలు మొత్తం నిశ్శబ్దమైపోయింది. మగ్గాలను గుజరాతు వాళ్ళు లారీల్లో వేసుకుని పోయారు. యజమానికి పక్షవాతం వచ్చింది. చూడడానికి వెళితే నన్ను గుర్తుపట్టి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ వేసవిలో కడప నుంచి ప్యాసింజరు రైలెక్కి కోసిగి వెళ్ళాను. క్షమించమని అడగడానికో, నా బరువు దించుకోవడానికో ఇప్పటికీ చెప్పలేను. అడుగుతూ అడుగుతూ వీధి పట్టుకున్నాను. వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. ఆమె అత్త అరుగు మీద కూర్చుని ఉంది, ముందు రెండు మేకలు.

"బెంగళూరికి పోయినారప్పా, తల్లీ కొడుకూ. ఇండ్లు కట్టేకాడ ఇటుకలు మోస్తాండారు. వాడు బడి ఇడిసిపెట్టినాడు," అంది ముసలామె.

నేను ఎవరో చెప్పాను. మీ కోడలి తప్పు లేదని, గుడ్డే చెడ్డదని, ఆ సంగతి తెలిసే అబద్ధం రాశానని చెప్పాను. ఆమె విన్నది. కోపగించుకోలేదు. "నీళ్ళు తాగుతావా?" అని అడిగింది. వాళ్ళ ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు వారానికొకసారి వస్తుందని వీధి మొదట్లోనే ఎవరో చెప్పారు. వద్దన్నాను. నా ఫోన్ నంబరు చీటీ మీద రాసిచ్చి వచ్చేశాను.

నెల తర్వాత ఫోన్ వచ్చింది. వెనక కంకర మిషను చప్పుడు.

"నేను సారూ, కోసిగామెను. మా అత్తకు చెప్పినావంట కదా తప్పు నాది కాదని."

"అవునక్కా."

"ఆమెకు చెప్తే ఏం ఫలం సారూ? ఆమె పోయి మేకలకు చెప్తాది. కాగితం మీద రాసియ్యి. ఈడ బట్టలు కుట్టే కంపెనీ ఉండాది. ముందు యాడ చేసినావు, ఏమిటికి తీసేసినారు అని అడుగుతాండారు. ఆ పాత కాగితంలో నా కుట్టు తప్పని ఉండాదంట. చదివి నవ్వినారు."

ఆ సాయంత్రమే రాశాను. ఫలానా సంచిలో కుట్టు లోపం ఏమీ లేదు, గుడ్డ లోపం, ముందు రాసిన నివేదిక తప్పు, అది రాసింది నేనే. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. కన్నడం తెలిసిన స్నేహితుడి చేత ఇంకొకటి రాయించాను. మూడింటి కిందా సంతకం పెట్టి, ఆమె చెప్పిన మేస్త్రీ చిరునామాకు పంపాను.

ఇరవై రోజులకు మళ్ళీ చేసింది.

"కాగితం చేరినాది సారూ. కంపెనీ ముద్ర ఏదీ అని అడిగినారు. ముద్ర లేకపోతే ఎవురైనా రాసుకోవచ్చు అన్నారు."

"కంపెనీయే లేదు కదక్కా, ముద్ర ఎక్కడ తేను?"

"అదే చెప్పినా. పొమ్మన్నారు." కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను. "శానా పని ఉండాది, పెట్టేస్తా," అంది.

తర్వాత ఆ నంబరుకు రెండుసార్లు చేశాను. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఒక మగగొంతు కన్నడంలో పలికింది. నాకు అర్థమైనంత మటుకు, అక్కడి కట్టడం పని అయిపోయిందని, కూలీలు ఏ ఊరు పోయారో తనకు తెలియదని చెప్పాడు.