ట్రాలీలో బాప్తిస్మం

ఆ ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మా మందిరం ముందు ఉన్న వస్తువులు: ట్రాక్టరు ట్రాలీ ఒకటి, దాంట్లో పరిచిన నీలం టార్పాలిన్ ఒకటి, బోరు నుంచి లాగిన పైపు, సుమారు రెండు వేల ఏడు వందల లీటర్ల నీళ్ళు. ఉన్న మనుషులు: అయ్యగారు, అంటే మా పాస్టరు, సంఘస్తులు ఇరవై ముగ్గురు, అమ్మ, అవ్వ, తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటులో నేను. ట్రాక్టరు సీటు మీద, మావైపు వీపు పెట్టి, మా బావ.

బావ మా మేనమామ కొడుకు. అవ్వ మా ఇద్దరికీ అవ్వే, ఉండేది వాళ్ళింట్లో. మా వాళ్ళలో ప్రభువును నమ్ముకున్నది ముందు అమ్మ, తర్వాత నేను. బావ వాళ్ళు హిందువులు. అది మా మధ్య ఎన్నడూ అడ్డం రాలేదు. కానీ ఆ రోజుకు బావ నాతో మాట్లాడక పంతొమ్మిది రోజులు.

కారణం నా జాబితా. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. నంబర్లు వేసి రాస్తే తప్ప ఏ సంగతీ నాకు నిలవదు. బాప్తిస్మం తీసుకునేవాడు లోకం నుంచి వేరుపడాలని అయ్యగారు చెప్పిన రోజే, విడిచిపెట్టాల్సినవి పదకొండు రాసుకున్నాను. ఒకటి, సినిమాలు. రెండు, క్రికెట్ పందేలు (మొత్తం ఆడింది రెండుసార్లు). ఏడు, గణపతి మండపానికి లైటింగ్. బావ వాళ్ళ గల్లీ మండపానికి ఆరేళ్ళుగా వైరింగు చేసింది నేనే. చవితికి వారం ముందు ఆ కాగితాన్ని ఫొటో తీసి, ఏడో నంబరు చుట్టూ ఎర్ర గీత గీసి, బావకు వాట్సాప్‌లో పంపాను. అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరనుకున్నాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు.

నాకు బాప్తిస్మం కావాలి. బావ కూడా కావాలి. ఈ రెండోది ఎక్కడ రాసుకోవాలో తెలియలేదు.

ఇక నీళ్ళ సంగతి. మా దగ్గర బాప్తిస్మాలు ఎప్పుడూ నిజాంసాగర్ కాలువలోనే. ఆ ఏడాది వానలు ఎక్కువై, పొలాలకు అక్కర్లేదని కాలువ బందు పెట్టారు. ప్రాజెక్టు గేట్లు ఎత్తారు కాబట్టి మంజీరలో ఎవరినీ దిగనివ్వడం లేదు. చెరువులో గణపతులను నిమజ్జనం చేస్తున్నారు. అది ఏడో నంబరు కిందికి వస్తుందని నేనే వద్దన్నాను. చుట్టూ ఇన్ని నీళ్ళున్నా ఒక మనిషి మునగడానికి చోటు లేకపోయింది.

దారి చూపింది అవ్వ. "మనిషి మునిగేటన్ని నీళ్ళే గదా. ట్రాలీల కవరు పర్సి బోరు ఇడువుండ్రి. ఎండకాలం పోరగాండ్లు గట్లనే ఈత కొడ్తరు."

బావ ట్రాలీ ఇచ్చాడు, కానీ ట్రాక్టరు ఇంకొకరి చేతిలో పెట్టనని తనే తోలుకొచ్చాడు. నాతో చెప్పాల్సినవన్నీ అవ్వతో చెప్పాడు.

"అవ్వా, ఎన్క తలుపు కాడ నీళ్ళు కారుతయని చెప్పు."

"పక్కకే నిలబడ్డడు గదరా, నువ్వే చెప్పు."

"ఆయన పరిశుద్ధుడాయె. నా మాట ఇంటె మైల పడ్తడు."

బావ ట్రాలీతో పాటు తెచ్చిన టార్పాలిన్‌ను నేనే పరీక్షించాను. నలుగురితో ఎండకు ఎత్తి పట్టించి, కిందికి దూరి, వెలుతురు వచ్చే చిల్లులు లెక్కపెట్టాను. నాలుగు. నాలుగింటికీ టేపు వేశాను. పైవైపు చూడలేదు. పరిచినప్పుడు ఆ వైపే పైకి ఉంది. నీళ్ళు నిండుతుంటే కాస్త ఊదాగా కనిపించాయి. టార్పాలిన్ రంగు అనుకున్నాం.

అయ్యగారు నీళ్ళలోకి దిగే ముందు నా కాగితం అడిగి చదివారు.

"పదకొండు రాసినవు బిడ్డా. అన్ని బయటి సామాన్లే. లోపటిది ఒక్కటి లేదు."

"లోపలిది అంటే?"

"ఆ సీటు మీద కూసున్నాయనకు ఫొటో పంపి తెంపుకున్నవు సూడు, అది ఏ నంబరు?"

పదకొండూ మళ్ళీ చూశాను. లేదు. ట్రాక్టరు దగ్గరికి వెళ్ళాను.

"బావా, ఫొటో పంపుడు తప్పయింది. ఇంటికొచ్చి చెప్పాలె."

బావ సగం తిరిగాడు. "మరి లైట్లు?"

"లైట్లయితే కట్టను."

"ఇగ తప్పేం ఒప్పుకున్నవు?" అని మళ్ళీ అటు తిరిగాడు.

నేను ట్రాలీలోకి దిగి కూర్చున్నాను. అయ్యగారు నా పక్కనే నీళ్ళలో మోకరించి ప్రార్థన మొదలుపెట్టారు. ఆ బరువుకు వెనక తలుపు ఉబ్బింది, గొళ్ళెం కిర్రుమంది. అందరికంటే ముందు దూకింది బావ. తలుపుకు భుజం ఆనించి, సందులోంచి చిమ్ముతున్న నీళ్ళకు నిలువునా తడుస్తూ, ప్రార్థన అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ ప్రార్థన చిన్నది కాదు.

నన్ను ముంచారు. నీళ్ళ కింద రెండు సెకన్లు ఉండి ఉంటాను. ఆ రెండు సెకన్లలో నా దగ్గర ఏ జాబితా లేదు. అక్కడ ఏం జరిగిందో కొలిచి చెప్పలేను. జరిగిందని మాత్రం చెప్పగలను.

పైకి లేచేసరికి సంఘం హల్లెలూయా అనబోయి సగంలో ఆగింది. నా చొక్కా గులాబీ రంగులో ఉంది. ప్యాంటూ, చెవులూ అంతే. అయ్యగారు నడుము దాకా గులాబీ.

"గులాల్," అంది అవ్వ.

బావ తలుపు వదలకుండానే చెప్పాడు. "నిన్న గణపతిని గీ కవరు మీదనే కూసోబెట్టి తీస్కపోయినం."

"మరి ముందే చెప్పొద్దా?"

"నీతోని మాట్లాడ్తలేను గదా," అన్నాడు బావ. అంతలోనే నవ్వాపుకోలేకపోయాడు. "నువ్వు మండపాన్ని ఇడిచినవు గని, మండపం నిన్ను ఇడువలే బామ్మర్దీ."

బాప్తిస్మం చెల్లుతుందా అని అయ్యగారిని అడిగాను. ఆయన తన పంచె పిండుకుంటూ, "నీళ్ళు నీళ్ళే. లే," అన్నారు.

మరుసటి ఏడు కూడా లైట్లు కట్టలేదు. ఈసారి ఫొటో పంపలేదు. ఇంటికి వెళ్ళి, చాయ్ తాగి, చెప్పాను. బావ రెండు రోజులు ముఖం ముడుచుకుని వేరే మనిషిని పెట్టుకున్నాడు. అతను చేసిన వైరింగు నాకు నచ్చలేదు. ఇనుప పైపుల పందిరి, కింద తడి నేల, పిల్లలంతా అక్కడే. నేను పనిచేసే చోటి నుంచి ఎర్త్ టెస్టరు తీసుకుని, మండపంలోకి వెళ్ళకుండా వెనక గోడ దగ్గర, షాక్ కొట్టకుండా కరెంటును భూమిలోకి దింపే ఎర్తింగ్ చూశాను. ఐదు ఓంలు దాటకూడదు. పద్నాలుగు చూపించింది.

"గిది ఏ నంబరు కిందికొస్తది?" అన్నాడు బావ.

"ఏ నంబర్ల లేదు. ఉప్పు, బొగ్గు తే."

గుంత తవ్వి, ఎర్తింగ్ రాడ్ చుట్టూ ఉప్పూ బొగ్గూ నింపి, బావ రెండు బిందెల నీళ్ళు పోశాడు. మళ్ళీ చూశాను. 3.8 ఓంలు.