ఐదో ఫారం

అట్టలాయన అసలు పేరు లైబ్రరీలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న దురదా ఎవరికీ పుట్టలేదు. చిరిగిన పుస్తకాలకి కొత్త అట్టలు వేసి తెస్తాడు కనుక అట్టలాయన. పదకొండేళ్లపాటు ప్రతి ఆదివారం కట్ట మోసుకొచ్చి గుమ్మం పక్కన దించి, అక్కడే నిలబడి లోపలి మాటలు వినేవాడు. లోపల పన్నెండు కుర్చీలు, పన్నెండుమంది పెద్దమనుషులు. "ఈ వారం ఏం చదివారు?" అని హెడ్మాస్టరు మొదలుపెట్టేవాడు. తలా కాసేపు తాము చదివిన పుస్తకం గురించి చెప్పేవారు. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆయన హెడ్మాస్టరే. అలా పిలిపించుకోవడానికే వచ్చేవాడని నా అనుమానం.

మూడు నెలల కిందట ఒకాయన ఊరు మారిపోయాడు. ఖాళీ కుర్చీ చూడ్డానికి బాగాలేదని అట్టలాయన్ని కూర్చోమన్నారు. అంతకుమించిన ఔదార్యం అందులో ఏమీ లేదు. ఆయన మాత్రం ఆ సంగతి భార్యకి మూడుసార్లు చెప్పాడు. యాభై ఆరేళ్ల మనిషి, కుర్చీ దొరికిందని ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోయాడు.

ఏడో తరగతిలో బడి మాని మేనమామ దగ్గర పుస్తకాలు కుట్టే దబ్బనం పట్టినవాడు. జిగురు ఆరేదాకా చేతికి పని ఉండదు కనుక ఎదురుగా ఉన్న పుస్తకం చదివేవాడు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, ఏదీ వదలకుండా, చివరికి అచ్చాఫీసు చిరునామాతో సహా. నచ్చినవి సాయంత్రం భార్యకి చదివి వినిపించేవాడు. ఆవిడకి చదువు రాదు. వినడం బాగా వచ్చు.

ఆ మధ్య వంతెన కట్టే ఇంజనీరు నవల ఒకదానికి అట్ట వేశాడు. కథ నడుస్తూ నడుస్తూ ఉండగా, అరవై అయిదో పేజీలో ఎక్కణ్నుంచో ఒక మంత్రసాని వస్తుంది. నడుముదాకా వరద. దాటుకుని వచ్చి, అడ్డం తిరిగిన బిడ్డని సరిచేసి బయటికి తీస్తుంది. బిడ్డ ఏడవదు. అరికాళ్లు తట్టి ఏడిపిస్తుంది. తడిబట్టలతోనే వెళ్లిపోతుంది. ఎనభై ఒకటో పేజీలో మళ్లీ ఇంజనీరు. ఆ మంత్రసాని తిరిగి రాదు.

భార్య ఆ పదహారు పేజీలు వారం రోజులు చదివించుకుంది. వాళ్లకి పుట్టింది ఒక్కటే బిడ్డ. ఇరవై ఎనిమిదేళ్ల కిందట మంత్రసాని వచ్చేసరికే ఆలస్యమైపోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. "బిడ్డ ఏడ్చిన చోటు మళ్లీ చదవండి" అని మాత్రం అడిగేది.

ఆదివారం తన వంతు వచ్చినప్పుడు ఆయన ఆ మంత్రసాని గురించే చెప్పాడు. ముందూ వెనకా చెప్పకుండా ఒక మనిషి వచ్చి, ప్రాణం పోసి వెళ్లిపోవడం, రచయిత ఆవిణ్ని మళ్లీ పట్టించుకోకపోవడం, బతుకులో అచ్చం అలాగే జరుగుతుందన్నాడు. అందరూ తలలూపారు. మందుల షాపాయన మాత్రం ఇంటికెళ్లి, బావమరిది దగ్గరున్న అదే నవల తెప్పించి తిరగేశాడు. చదవడానికి కాదు, మంత్రసానిని వెతకడానికి. ఎక్కడా లేదు. వెంటనే హెడ్మాస్టరు చెవిన వేశాడు. వారంలోగా ఆ సంగతి పదకొండుమందికీ తెలిసింది. తెలియనిది అట్టలాయనకే.

"వచ్చే వారం కూడా నువ్వే చెప్పాలయ్యా. అంత బాగా చెప్పావు, మీ ఆవిడని కూడా తీసుకురా, వింటుంది," అన్నాడు హెడ్మాస్టరు దారిలో ఎదురై.

ఆవిడ పెట్టె అడుగు నుంచి చీర తీసి కట్టుకుంది. గోడ పక్కన బల్ల చూపించారు. అట్టలాయన లేచి చెబుతుంటే, "ఆ మంత్రసాని చీర ఏ రంగు?" అని ఒకరు, "ఆవిడకీ ఇంజనీరుకీ చుట్టరికమేమైనా ఉందా?" అని ఒకరు లాగడం మొదలుపెట్టారు. అన్నింటికీ పాపం ఆలోచించి మరీ జవాబు చెప్పాడు. అప్పుడు మందుల షాపాయన సంచిలోంచి బావమరిది ప్రతి తీసి అరవై అయిదో పేజీ తెరిచి ఆయన చేతికిచ్చాడు. ఇనప దూలాలు, సిమెంటు బస్తాలు. మంత్రసాని లేదు.

"నువ్వు కుట్టిన పుస్తకాన్ని నువ్వే మెచ్చుకున్నావన్నమాట," అన్నాడు హెడ్మాస్టరు.

పడీ పడీ నవ్వారు. లైబ్రేరియన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. బల్ల మీద ఆవిడ కూడా కొంచెం నవ్వింది. అందరూ నవ్వుతున్నారు కనుక మంచి మాటే అయుంటుందనుకుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అట్టలాయనకి తల కొట్టేసినట్టయింది. కానీ చేతులకి పని తెలుసు. తాను కుట్టిన ప్రతి తెరిచి కుట్టు దగ్గర చూశాడు. ఒకే అచ్చాఫీసు, ఒకే కొలత, ఒకే కాగితం. అట్ట వేసిన రోజు ఇంట్లో పని బల్ల మీద రెండు పుస్తకాలు విప్పి పెట్టుకున్నాడు. పదహారు పేజీలు కలిపి కుట్టే మడత ఒక ఫారం. ఒకదాని ఐదో ఫారం రెండోదాంట్లోకి, దానిది దీంట్లోకి పోయింది. ఆ రెండో పుస్తకం, మంత్రసాని నవల, తాను చదవనేలేదు, హెడ్మాస్టరు తొందరపెట్టి తీసుకుపోయాడు. పోయిన నెల దాని గురించి గంటసేపు మాట్లాడింది ఆయనే.

బీరువా దగ్గరికి వెళ్లి ఆ పుస్తకం తీసి, అరవై అయిదో పేజీ గట్టిగా చదివాడు. ఇనప దూలాలు, సిమెంటు బస్తాలు.

"మాస్టారూ, దీన్ని మీరు రెండుసార్లు చదివానన్నారు. మంత్రసాని కథలో ఈ ఇంజనీరు మీకు కనపడలేదా?"

మందుల షాపాయన సంచి సర్దుకున్నాడు. అక్కడున్న ప్రతివాడికీ తాను చదవకుండా మెచ్చుకున్న పుస్తకం ఒకటో రెండో గుర్తొచ్చి ఉంటుంది. ఒక్కడైనా ఆయన పక్షాన మాట్లాడతాడేమోనని మీరు ఎదురుచూస్తే మీ అమాయకత్వం.

"తప్పు చేసింది నువ్వు. మమ్మల్ని అడుగుతావేంటి?" అన్నాడు హెడ్మాస్టరు చాలా నెమ్మదిగా. "అట్టలు వేసేవాడు అట్టలు వేసుకుంటే మంచిది. రెండూ తీసుకెళ్లి సరిచేసి ఉంచు. నువ్వు రానక్కర్లేదు, మనిషిని పంపిస్తాం."

ఆ పూటే పన్నెండో కుర్చీని మడిచి బీరువా వెనక పెట్టేశారు. లైబ్రరీ పుస్తకాలకి వేరే అట్టలవాణ్ని చూసుకున్నారు.

మధ్యాహ్నం ఆయన రెండు పుస్తకాలూ విప్పి ఫారాలు మార్చాడు. భార్య ఎదురుగా వచ్చి కూర్చుంది. వాళ్లు ఎందుకు నవ్వారో దారిలోనే అర్థమైంది ఆవిడకి.

"అయితే ఆ బిడ్డ కథ ఇంకా ఉందన్నమాట," అంది.

ఉంది. మంత్రసాని ఎనభయ్యో పేజీ పక్కకి ఇప్పుడు అసలైన ఎనభై ఒకటో పేజీ వచ్చింది. ఆయన కూడబలుక్కుంటూ మనసులోనే చదువుకున్నాడు. తెల్లవారేసరికి బిడ్డ ఊపిరి ఆగిపోతుంది. ఊళ్లోవాళ్లు కర్రలు పట్టుకుని మంత్రసాని గుడిసె మీదికి వెళతారు. పేజీ తిప్పాడు. ఆ తర్వాతది ఇంకా చెడ్డది. దబ్బనం పట్టిన చెయ్యి ఆగిపోయింది.

"బతికిందాండీ?"

"బతికింది. పెరిగి పెద్దదై బడికి కూడా వెళుతుంది."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది.

"సరిగ్గా చూసే చెబుతున్నారా?"

"రెండుసార్లు చదివాను," అన్నాడు అట్టలాయన.