గంగాభవాని తుడవని కత్తి

మైపాడు రేవులో టేకు చేప కోయాలంటే గంగాభవాని రావలసిందే. చేటంత వెడల్పుండి, తోకలో విషపు ముల్లుండే ఆ చేప దగ్గరికి మగవాళ్లే రారు. ఆమె తోక తొక్కిపట్టి ముల్లు నరికి, కత్తిని సముద్రపు నీళ్ల బకెట్లో ముంచి తీసి, తర్వాతి చేప మీద పడుతుంది. ముప్పై ఏళ్లుగా అదే తీరు. పొగరూ అంతే ఉండేది. పక్కింటిదాన్ని, నాకు తెలియదా!

మచ్చల టేకులో రెండు జాతులున్నాయని మొదట చెప్పింది ఆమే. చూడ్డానికి రెండూ ఒకటే, అరచెయ్యి వేస్తే ఒకటి గరుకు, ఇంకొకటి నునుపు. గరుకుది ఏటేటా తగ్గిపోతోందని ఆమె అంటే మత్స్యశాఖ ఆఫీసువాళ్లు నవ్వారు. చేపల మీద పరిశోధన చేసే ప్రత్యూష నమ్మింది. డీఎన్‌ఏ పరీక్షలో రెండూ వేరని తేలితే, గరుకు టేకు పిల్లలు పెట్టే నెలలో వలలు ఆపమని అడగొచ్చంది. ఒక్కో చేప నుంచి గోరంత కండ కోసి ఒక్కో సీసాలో వేయమని, ప్రతిసారీ కత్తిని స్పిరిటుతో తుడవమని గంగాభవానికి అప్పగించింది.

ఈమె స్పిరిటు మూత కూడా తీయలేదు. "బకెట్లో ముంచతానే ఉండాగా, ఇంకేంది?" అంది నాతో.

నెల తర్వాత ప్రత్యూష ముఖం వేలాడేసుకుని వచ్చింది. నలభై సీసాల్లో ఒక్కటీ పనికిరాలేదట. ఒక చేప కండకు ఇంకో చేపది అంటుకుందట.

"కత్తి తుడిచినావు కదక్కా?"

"తుడవకుండా ఎట్టుంటా పాపా?"

పక్కనే ఉండి నేనూ నోరు మెదపలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అయితే ల్యాబులో నేనే కలిపేసుంటా. మా సారుకు అదే చెప్పినా," అంది ఆ పిల్ల.

గంగాభవానికి తల కొట్టేసినట్లయింది. వారం పాటు ప్రత్యూష కనబడితే పక్క సందులోకి తప్పుకుంది. అన్నం సయించలేదు. గరుకు టేకులు పిల్లలు పెట్టడానికి ఒడ్డు దగ్గరికొచ్చే నెల కూడా దాటిపోయింది.

ఆ తర్వాత ఒక రోజు మాత్రం ఒక పడవలో ఒకే ఒక్క గరుకు టేకు వచ్చింది. కబురు అందగానే ప్రత్యూష పరుగున వచ్చింది. వేలంపాటకు వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. గంగాభవాని కత్తి ఎత్తింది, దించేసింది.

"నేను తుడవలా పాపా. ఒక్కసారి కూడా తుడవలా. నీకు అబద్ధం చెప్పినా."

ప్రత్యూష సంచిలోంచి కొత్త బ్లేడు తీసింది.

"చేప పట్టుకో అక్కా. నేను కోస్తా."

గంగాభవాని కత్తి ఇసుకలో పెట్టేసి, రెండు చేతులతో తోక అదిమి పట్టుకుంది. కోత అయిపోయేదాకా తల ఎత్తలేదు.