రెసిడెన్సీ వచ్చాక

ఆ సాయంత్రం ఆల్బనీ క్యాంపస్ నుంచి సిటీకి వెళ్ళే బస్సులో కూర్చుని, బ్యాగు మీది స్టిక్కర్‌ని గోటితో గీకుతున్నాను. యూనివర్సిటీ ఆయుధాల కంపెనీల్లో పెట్టిన డబ్బు వెనక్కి తీసుకోవాలనే స్టిక్కర్ అది. గంట క్రితమే స్టూడెంట్ కౌన్సిల్లో ఆ తీర్మానం ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. ఇంటర్నేషనల్ విద్యార్థుల ప్రతినిధిని నేనే. చేతులెత్తమన్నప్పుడు ఎవరో వీడియో తీస్తుంటే, నా చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

ఇదంతా నేను ఫోన్లో ఫ్లాట్‌మేట్‌కి చెప్పుకోవడం విని, పక్కసీట్లో ఆవిడ తెలుగులో అడిగింది.

"వీసా భయమా?"

"అవునండీ. ఇక్కడే ఉండిపోవడానికి రెసిడెన్సీ వచ్చాక గట్టిగా మాట్లాడతాను."

"నేనూ అదే అనుకున్నానమ్మా. అది వచ్చి ఆరేళ్ళయింది."

తర్వాతి స్టాపులో ప్లకార్డులతో మా యూనివర్సిటీ విద్యార్థులు కొందరు ఎక్కారు. ఎక్కడ పనిచేస్తుందో ఎవరికీ తెలియకూడదన్నట్టు, ఆవిడ మెడలోని ఆఫీసు కార్డుని కోటు లోపలికి తోసేసి కిటికీ వైపు తిరిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇన్నేళ్ళకి, పోయిన నెల నాకూ రెసిడెన్సీ వచ్చింది. నిన్న ఆఫీసు నుంచి వస్తుంటే, అదే బస్సులో ఒక స్టూడెంట్ అమ్మాయి నా ముందుకొచ్చి అలాంటి స్టిక్కరే ఇవ్వబోయింది. ఈసారి నా చెయ్యి లేచింది, మెడలోని కార్డుని కోటు లోపలికి తొయ్యడానికి.