డ్రిల్లుతో పెట్టిన కళ్ళు

మా ముత్తాత రంగనాయకులు గారికి దివిసీమలో మూడు లంకల మీద పెత్తనం ఉండేది. బందరులో కలెక్టరు దర్బారుకు వెళ్తే ఆయనకు కుర్చీ వేసేవారు, తక్కినవాళ్ళు నిలబడేవారు. మా తాత వెంకటాద్రి గారు తగవు తీర్చాక ఊళ్ళో రెండో మాట ఉండేది కాదు. నాన్నగారి నాటికి భూములు పోయి ఇంటిపేరూ, ముత్తాత పల్లకీ తాలూకు కాస్త ఇత్తడి సామానూ మిగిలాయి. నాకు మిగిలింది మంచి శిల్పమేదో, చవకబారుదేదో చూడగానే చెప్పగల విద్య. కొత్త ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకు ఏ శిల్పం తెచ్చుకోవాలో, ఎక్కడ నిలబెట్టాలో చెప్పి బతుకుతున్నాను.

నాలుగేళ్ళ కిందటి ఎండాకాలంలో గుడివాడ నుంచి కోటేశ్వరరావు గారు పిలిచారు. బంటుమిల్లి వైపు చేపల చెరువులు చేసి సంపాదించిన మనిషి. కట్టిస్తున్న కొత్త ఇంటి హాలులో మెట్ల పక్క గోడ ఖాళీగా ఉంది. "మీలాంటి పెద్దింటివాళ్ళు చెప్తే దానికో విలువండీ. ఊళ్ళో ఎవరింట్లోనూ లేనిది పెట్టించండి" అన్నారు.

మా పనిలో ముందు చోటు, ఆ తర్వాతే శిల్పం. పెడెస్టల్, అంటే శిల్పం నిలబడే దిమ్మ, ఎత్తు సరిగ్గా ఉంటే ఎదుట నిలబడ్డ మనిషి చూపు శిల్పం ముఖానికి తగులుతుంది. స్పాట్‌లైట్ ఎదురుగా కొడితే రాతి ముఖం అప్పడంలా చదునైపోతుంది. వెలుగు పక్కనుంచి ఏటవాలుగా జారాలి. దీన్ని గ్రేజింగ్ అంటాం. ఇవన్నీ కొలుచుకుని, అవనిగడ్డ దగ్గరుండే వీరాచారి గారి చేత నల్లరాతిలో దీపం పట్టుకున్న అమ్మాయిని చెక్కించాను. చెయ్యి వణకడం మొదలైందనీ, ఇంత పెద్ద రాయి ఇక పట్టననీ ఆయన ముందే చెప్పారు. ఏడు నెలలు పట్టింది.

ఆ ముఖంలో కళ్ళకు రెప్పల గీతలు ఉన్నాయి కానీ కనుపాపలు లేవు. శిల్పులు పూజకు వెళ్ళే విగ్రహానికే, అదీ ప్రతిష్ఠ రోజునే కన్ను తెరుస్తారు. ఇంటి అలంకారానికి ఇచ్చే బొమ్మకు తెరవకుండా వదిలేయడం వీరాచారి గారి వంశాచారం. ఈ సంగతి నేను కోటేశ్వరరావు గారికి చెప్పలేదు. తెలిసే ఉంటుందిలే అనుకున్నాను.

గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు లైటు సరిచూద్దామని వెళ్ళాను. కోటేశ్వరరావు గారి బావమరిది శ్రీను గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఏంటండీ జమీందారు గారూ, బొమ్మకి కళ్ళు పెట్టడం మర్చిపోయారా? పర్లేదులెండి, నేను పెట్టించేశా. మన టైల్స్ మేస్త్రీ దగ్గర డ్రిల్లుంది. అరగంట పని."

లోపలికి వెళ్ళి చూశాను. ఎడమ కంట్లో స్విచ్‌బోర్డుకు వేసినట్టు గుండ్రటి రంధ్రం. కుడి కంటి దగ్గర డ్రిల్లు జారి, రెప్ప నుంచి ముక్కు మొదలు దాకా పెచ్చు లేచిపోయింది. ఏడు నెలల పని.

"ఎవర్నడిగి చేశావు?" అన్నాను.

"మా బావ ఇంట్లో బొమ్మకి ఎవర్నడగాలండీ?"

కోటేశ్వరరావు గారి తల్లి నాంచారమ్మ గారు సోఫాలో కూర్చుని ఉన్నారు. ఆవిడ దిగులు వేరు. "కన్ను తెరిచాక అది బొమ్మ కాదు నాయనా, అమ్మవారు. ఆ కన్నే పోయింది. భిన్నమైన విగ్రహాన్ని ఇంట్లో ఎవరన్నా ఉంచుకుంటారా? కాలవలో కలిపెయ్యాలి."

"అమ్మా, డ్రిల్లు తిప్పితే కన్ను తెరిచినట్టు కాదు. ఇది అమ్మవారు కాదు. దీపం పట్టుకున్న ఆడపిల్ల, అంతే."

"ఆడపిల్లయితే ఇంకా పాపం కదయ్యా. కళ్ళు పొడిచేశాం."

నేను వరండాలోకి వచ్చి వీరాచారి గారికి ఫోన్ చేశాను.

మర్నాడు ఆయన బస్సులో వచ్చారు. బొటనవేలితో ఆ పెచ్చు తడిమి చూశారు. "ముఖం అరంగుళం లోపలికి దింపితే వాల్చిన రెప్పలు వస్తాయండి. దీపం వంక చూస్తున్నట్టుంటుంది. నెల పడుతుంది. ఇదొక్కటీ చేసి ఉలి పక్కన పెట్టేస్తాను" అన్నారు.

"గురువారం గృహప్రవేశానికి అవదా?" అన్నాడు శ్రీను. ఫోన్లో ఏదో చూపించాడు. "ఇదైతే రేపే వచ్చేస్తది బావా. ఫైబర్ బుద్ధుడు. తలకాయొక్కటే, వెనకాల ఎల్‌ఈడీ." మెడ దాకా తెగిన తల భిన్నం కాదట. నాంచారమ్మ గారు కూడా దానికి అడ్డు చెప్పలేదు.

కోటేశ్వరరావు గారు నా వైపు తిరిగారు. "మీరు ముందే చెప్పాల్సిందండీ. మాకేం తెలుసు? రేపు ట్రాక్టర్ మీద కాలవకి పంపించేస్తాం. మీకంత మమకారం ఉంటే, మేమిచ్చింది మాకిచ్చేసి మీరే పట్టుకెళ్ళండి."

వీరాచారి గారు కండువాతో ఆ ముఖం మీది రాతిపొడి తుడుస్తున్నారు. నేను కోటేశ్వరరావు గారితో, "రేపు పొద్దున్నకల్లా మీది మీకు అందుతుంది. అందాకా ఎవరూ దీన్ని ముట్టుకోవద్దు" అని బయటికి వచ్చేశాను.

తర్వాత ఈ సంగతి విన్నవాళ్ళంతా నన్ను సర్దుకుపోవాల్సింది అన్నారు. ఎందుకు సర్దుకోవాలి? ఒక మనిషి ఏడు నెలలు రాయి ముందు కూర్చుంటే, అరగంటలో దాన్ని బాగుచేసే హక్కు డ్రిల్లు ఉన్న ప్రతివాడికీ ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బిచ్చినవాడు రాయికి యజమాని అవుతాడు. ఆ పనితనానికి కాడు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

నా తప్పు కూడా రాయాలి. సంగతి విడమరిచి చెప్పడం నాకు చిన్నతనంగా తోచింది. నేను దాచుకున్న ఆ రెండు ముక్కల ఖరీదు వీరాచారి గారి ముఖంలో చూశాను. ఇప్పుడు ఏ శిల్పాన్ని దిమ్మ ఎక్కించినా, ముందు ఇంటిల్లిపాదినీ దాని ఎదుట కూర్చోబెట్టి, ఏది ఎందుకు అలా ఉందో, ఏది ఎందుకు లేదో చెప్తాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

వీరాచారి గారికి నెల కాదు, రెండున్నర నెలలు పట్టింది. రెప్పలు వాల్చిన ఆ అమ్మాయి బందరులో నేను అద్దెకుంటున్న ఇంటి ముందుగదిలో ఉంది. ఆమెను విడిపించడానికి మా ముత్తాత పల్లకీ దండె చివర్లలో ఉండే ఇత్తడి సింహముఖాలు రెండూ ఆ సాయంత్రమే అమ్మేశాను.