మేకు మీద బిళ్ళ

మా బార్‌లో కొట్లాట నాలుగున్నరకు మొదలయ్యేది. అంతకు ముందు ఎవడూ ఎవడినీ ముట్టుకునేవాడు కాదు. ఆ తర్వాత ఎవడినీ ఆపడం మా తరం కాదు. మూడు నుంచి అయిదు దాకా ఒక పెగ్గు కొంటే ఇంకొకటి ఊరికే ఇచ్చేవాళ్ళం. మొదటి షిఫ్టు దిగి, చెవుల వెనక బొగ్గు ఇంకా వదలకుండానే వచ్చి మర్యాదగా కూర్చున్న మనుషులు, నాలుగున్నర దాటగానే మారిపోయేవారు. రెండు గంటలు తాగాల్సింది అరగంటలో తాగేవారు. ఎవడి మోచెయ్యి తగిలినా, ఎవడి గ్లాసు ముందు వచ్చినా సీసా లేచేది. నేను అక్కడ ఆరేళ్ళు సప్లయర్‌ని. నా ఎడమ కనుబొమ్మ మీది మచ్చ సోడా సీసాది, ముంజేతి మీదిది గ్లాసు పెంకుది. నేను ఇచ్చినవీ తక్కువేం కావు. కౌంటర్ కింద నా కోసం ఒక వెదురు కర్ర ఉండేది. దాన్ని వాడటంలో నాకు మొహమాటం లేదు. నిజం చెప్పాలంటే సరదా కూడా ఉండేది.

గోదావరిఖనిలో మాది పెద్ద బారేం కాదు. ముందు హాలు, పక్కన వంటగది, వెనక సీసాల డబ్బాలు పెట్టుకునే రేకుల షెడ్డు. హాల్లో గొడవ లేస్తే కొట్టుకునే ఇద్దరినీ కర్రతో ఆ షెడ్డులోకి తోలడం మా పద్ధతి. అక్కడ పగలడానికి ఖాళీ సీసాలు తప్ప ఏమీ ఉండవు. కొట్టుకుని, అలిసిపోయి, వెనక సందులోంచి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. దాన్ని మేం పనితనం అనుకునేవాళ్ళం.

ఒక వేసవికి ముందు ఆబ్కారీ నుంచి కాగితం వచ్చింది. ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అని ధర తగ్గించకూడదు, ఒకటి కొంటే ఒకటి ఊరికే అని ఎవరినీ పిలవకూడదు, వింటే సరి, వినకపోతే లైసెన్సు పోతుంది. యజమాని ‘హ్యాపీ అవర్స్’ ఫ్లెక్సీ పీకించి వంటగది కప్పు కారే చోట పరిపించాడు. హాలు సగం ఖాళీ అయింది. ఆయన గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటే ఉపాయం చెప్పింది నేనే. నన్ను ఎవరూ అడగలేదు. నా తెలివి నాకు ఆగలేదు.

మా బాపు బొగ్గుబాయి ల్యాంపు రూంలో పనిచేసి రిటైరైనవాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగే ముందు దాన్ని ల్యాంపు రూం కిటికీలో ఇచ్చి తలదీపం తీసుకుంటాడు. బిళ్ళను బోర్డు మీది మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. లోపల ఏదన్నా జరిగితే ఇంటివాళ్ళు ఉరికొచ్చేది ఆ బోర్డు దగ్గరికే. ఒకసారి ఎవడో పరాచికానికి తోటివాడి బిళ్ళ జేబులో వేసుకుపోతే గ్యాంగంతా కలిసి వాడి పళ్ళు రాలగొట్టారట. ఆ సంగతి చెప్పినప్పుడు బాపుకు కొట్టినవాళ్ళ మీద కోపం ఉండేది కాదు. “ఒకని బిళ్ళ ఇంకొకడు ముట్టద్దు బిడ్డా, గంతే” అనేవాడు.

ఆ బోర్డును నేను బార్‌కు తెచ్చాను. రోజూ వచ్చేవాళ్ళకు నంబర్లు కొట్టించిన బిళ్ళలు పంచాం. బయట ప్రకటన లేదు, ధరల పట్టీలో మార్పు లేదు. బిళ్ళ ఇచ్చినవాడికి రెండో గ్లాసు ఊరికే. వాడు లోపల ఉన్నంతసేపూ అది మేకు మీద ఉంటుంది, పోయేటప్పుడు తీసుకుపోతాడు. ఆబ్కారీ జీపు బయల్దేరిందని కబురొస్తే ఎవరి బిళ్ళ వాళ్ళ చేతిలో పెట్టి హాలు ఖాళీ చేయిస్తాం. మేకులు మాత్రమే మిగిలితే లోపల ఎవరూ లేనట్టు. జనానికి నేర్పాల్సిన పని కూడా పడలేదు. వాళ్ళ చేతులకు అలవాటైన పనే అది. యజమాని నన్ను హెడ్ సప్లయర్‌ని చేశాడు. ఈ సంగతి తెలిసిన రోజు బాపు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

మా బార్‌లో అక్క మొగుడి బిళ్ళ నంబరు నలభై ఒకటి. బావ బాయిలో పనిమంతుడు, ఇంట్లో పశువు. తాగి వచ్చి అక్కను కొట్టేవాడు. నేను ఆయనను రెండుసార్లు కొట్టాను, రెండోసారి లేవలేనట్టు కొట్టాను. మర్నాడు అక్క నా మీదికి కొట్లాటకు వచ్చింది, ఆయన డ్యూటీకి పోలేకపోయాడని. నాగాలు ఎక్కువై అప్పటికే ఆయనకు ఆఖరి నోటీసు వచ్చి ఉంది. ఇంకొక్క రోజు తప్పితే ఉద్యోగం ఊడుతుంది, ఇద్దరు ఆడపిల్లలు. అందుకని, కొట్లాట మొదలుకాకముందే ఇంటికి తీసుకుపోదామని అక్క రోజూ నాలుగింటికి బార్ దగ్గరికి వచ్చేది. లోపలికి రాదు. గుమ్మంలోంచి బోర్డు చూస్తుంది, అక్కడికి బల్లలు కనపడవు. నలభై ఒకటి మేకు మీద ఉంటే పిలిపించి ఆటో ఎక్కించుకుపోతుంది. ఒకరోజు అలా పిలిచినందుకు బావ నడిరోడ్డు మీద ఆమె జుట్టు పట్టి ముఖాన్ని ఆటో కమ్మీకేసి కొట్టాడు. నేను కర్రతో బయటికి వచ్చేసరికి ఆమె నోటినిండా నెత్తురు. అది మింగి, “ఏంలేదు, నువ్వు లోపలికి పో” అంది నాతో.

అది జరిగిన వారానికే ఇంకో రోజు. మే నెల, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. బావ ఆ రోజు ఎవరితోనో గొడవపడి వచ్చాడు, వచ్చీ రాగానే రెండు గ్లాసులూ ఒక్క గుక్కలో ఎత్తి బల్లను గుద్దుతున్నాడు. నాలుగింటికి కిటికీ అద్దంలోంచి అక్క రోడ్డు దాటుతూ కనపడింది. పెదవి మీద కుట్లు ఇంకా విప్పలేదు. ఈ మనిషిని ఇప్పుడు పిలిస్తే చంపేస్తాడు అనిపించింది. నా చెయ్యి దానంతట అదే బోర్డు మీదికి పోయింది. నలభై ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

గుమ్మంలో నిలబడి ఆమె బోర్డును రెండుసార్లు చూసింది. ఇప్పుడే పోయిండక్కా అన్నాను. నన్ను నమ్మిందని చెప్పను, బోర్డును నమ్మింది. వెనక్కి తిరిగి ఎండలో పడి పోయింది.

నాలుగూ నలభైకి బావ గ్లాసుకు ఒక డంపర్ డ్రైవర్ మోచెయ్యి తగిలింది. వాడు ఓపెన్‌కాస్టులో పనిచేసేవాడు, మా బిళ్ళ లేనివాడు, బావకంటే జానెడు ఎత్తు. బావ వాడి చెవి కొరికాడు. వాడు బావ తలను బల్ల అంచుకేసి మోదాడు. కుర్చీలు లేచాయి. నేను కర్ర తీసి ఎవరు ఎవరని చూడకుండా బాదాను. బావ వీపు మీద నాలుగు దెబ్బలు ఎక్కువే వేశాను, అక్క పెదవి గుర్తుకొచ్చి. ఇద్దరినీ షెడ్డులోకి తోసి తలుపు దగ్గరికి వేశాను. లోపల సీసాలు పగిలిన చప్పుడు, బూతులు, ఆ తర్వాత ఏమీ లేదు. ఎప్పటిలాగే సందులోంచి పోయారనుకున్నాను.

అంతలో జీపు చౌరస్తా దాటిందని ఫోన్. జల్ది జల్ది అని యజమాని అరుస్తుంటే బిళ్ళలు పంచాను. ఒక్కొక్కరూ తమది తీసుకుని పోయారు. బోర్డు చూశాను, మేకులే ఉన్నాయి. షెడ్డు సందువైపు తలుపుకూ హాలు వైపు తలుపుకూ బయటి నుంచి తాళాలు వేశాను. షెడ్డులో సరుకు ఉంటుంది కాబట్టి జీపు వచ్చిన ప్రతిసారీ అలాగే వేస్తాను. బోర్డు చూశాను గాని షెడ్డులోకి తొంగి చూడలేదు.

ఆబ్కారీ అధికారి నెమ్మదిగల మనిషి. ఖాళీ మేకులేమిటని అడిగితే తాళంచెవులు తగిలిస్తామని యజమాని చెప్పాడు. చవక చేసి తొందరపెడితే మనిషి తన కొలత మరిచిపోతాడయ్యా, కాగితం అందుకే పంపారు అన్నాడు అధికారి. అప్పుడు వెనక నుంచి రేకు దడదడమంది. ఏమిటా చప్పుడు అన్నాడు. ఎండకు రేకులు చప్పుడు చేస్తయి సార్ అన్నాను. నిజంగానే చేస్తాయి, రోజూ వినే చప్పుడే. మళ్ళీ రెండుసార్లు దడమని, ఊరుకుంది. ఆ రోజుకు బార్ మూసేశాం.

అయిదున్నరకు అక్క ఫోన్ చేసింది, ఆయన ఇంటికి రాలేదని. నాలుగింటికి చెప్పిన అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనని కొట్లాట మాటే ఎత్తలేదు. ఎక్కడో పడి ఉంటాడులే, వెతుకుదాం అన్నాను. బండి మీద ఎక్కించుకుని తిరిగాను. బాయి దగ్గరికి పోయాం, మూడింటికే పైకొచ్చి బాయి బిళ్ళ తీసుకున్నాడన్నారు. కల్లు దుకాణం, రైలు గేటు, గోదావరి బ్రిడ్జి. బ్రిడ్జి మీద ఆమె కమ్మీ పట్టుకుని ఇసుకలోకి చాలాసేపు చూసింది. పొద్దు ఇంకా దిగలేదు. మోచేతి దాకా చెమట కారుతుంటే తుడుచుకుందామని జేబులోంచి దస్తీ లాగాను. దానితోపాటు బిళ్ళ సిమెంటు మీద పడి గిర్రున తిరిగింది.

అక్క వంగి తీసింది. నంబరు చదివింది.

“ఇది ఆయన బిళ్ళ గదా. నీ దగ్గరెందుకున్నది?”

ఖాళీ బోర్డు కళ్ళముందుకు వచ్చింది. నలభై ఒకటి అక్కడ లేదు కాబట్టి మనిషి పోయాడనుకున్నాను. అది అక్కడ లేకుండా చేసింది నేను.

బ్రిడ్జి నుంచి బార్ దాకా బండి ఎట్లా నడిపానో తెలియదు. షెడ్డు తాళం తీశాను. తలుపు తెరుచుకోలేదు, లోపల బరువు ఆనుకుని ఉంది. తోశాం. బావ తలుపుకే పడి ఉన్నాడు. తల వెనక భాగం పగిలి ఉంది. డబ్బాల దగ్గర నుంచి తలుపు దాకా నెత్తురు చార, దాంట్లో మోకాళ్ళ గుర్తులు. రేకు మీద అరచేతి ముద్రలు, కింద నుంచి పైకి మూడు, మళ్ళీ కింద ఒకటి. షెడ్డు లోపలి వేడికి మా ముఖాలే కాలాయి. దవాఖానలో డాక్టర్ చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు. దెబ్బకు అప్పుడే పోలేదు, ఆ వేడికి, నెత్తురు కారీ కారీ పోయాడు అన్నాడు.

దవాఖాన వరండాలో అక్క నన్ను కొట్టింది. నా చేతిలో ఇంకా ఉన్న ఇనుప తాళం లాక్కుని నోటి మీద కొట్టింది. రెండు పళ్ళు ఊడాయి. మళ్ళీ కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు పట్టుకోబోతే నేనే వద్దన్నాను. ఊపిరి ఆడక ఆగిపోయేదాకా కొట్టింది. బాపు వచ్చి చూశాడు. “బిళ్ళ నువ్వే తీసినవా?” అన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత ఆయన బతికిన రెండేళ్ళలో నాతో మాట్లాడలేదు.

బావను కొట్టిన డ్రైవర్ జైలుకు పోయాడు. బార్‌కు శాశ్వతంగా తాళం పడింది. నన్ను ఏ సెక్షన్ కిందా పట్టుకోలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. పోలీసులు అడిగింది ఎవరు కొట్టారని మాత్రమే, తాళం ఎవరు వేశారని అడిగితే బాగుండేది.

బావ ఉద్యోగం అక్కకు ఇచ్చారు. ల్యాంపు రూంలో వేశారు, బాపు నిలబడ్డ బోర్డు దగ్గరే. నేను మళ్ళీ ఏ బార్ గడపా తొక్కలేదు. కాంట్రాక్టరు కింద బాయిలో పైకప్పుకు బోల్టులు బిగించే పనికి పోతున్నాను. రోజూ ఆ కిటికీ దగ్గరికే పోవాలి. అందరి బిళ్ళలూ ఆమె చేతికి అందుకుని మేకుకు తగిలిస్తుంది, నా వంతు రాగానే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. కిటికీలోంచి వంగి నాది నేనే తగిలించుకుంటాను. మూడేళ్ళుగా మా ఇద్దరి మధ్య మాట లేదు.

పోయిన నెల ఒకరోజు కింద పైకప్పు కొంత కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు, దారి తీసేసరికి మేం పైకి రావడం గంటన్నర ఆలస్యమైంది. ల్యాంపు రూంలో షిఫ్టు మారింది, కొత్తవాళ్ళు వచ్చి కూర్చున్నారు. అక్క పోలేదు. బోర్డుకు చెయ్యెడు దూరంలో, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది. నాతో వచ్చినవాళ్ళు తమవి తీసుకుపోయాక బోర్డు మీద చివరి వరసలో నా బిళ్ళ ఒక్కటే ఉంది. దీపం ఇచ్చి నిలబడ్డాను. కొత్తగా వచ్చినాయన నాకు ఇద్దామని చెయ్యి చాపితే అతన్ని ఆపింది.

“నీ బిళ్ళ నేను ముట్ట, ఎవ్వర్ని ముట్టనియ్య. నువ్వే తీస్కో.”

కిటికీలోంచి చెయ్యి పెట్టి తీసుకున్నాను. అది మేకు మీద నుంచి వచ్చేదాకా చూసి, అక్క చెప్పులేసుకుని ఇంటికి పోయింది.