మామా ఏడ్చిన శుక్రవారం

నా చిన్నప్పుడు తెలుగు క్రియల్లో ఆడా మగా తేడా నాకు పట్టుబడేది కాదు. "నాన్న వచ్చింది" అనేదాన్ని. "అమ్మ తిట్టాడు" అనేదాన్ని. కువైట్‌లో పెరిగే మన పిల్లలకు ఇది మామూలే. బడిలో హిందీ, మెట్ల మీద అరబీ, ఇంట్లో మాత్రం తెలుగు. మూడూ కలిసి నా నోట్లో ఎవరికీ చెందని ఒక భాష తయారైంది. మా అమ్మ కోనసీమ మనిషి. ఇంకే విషయంలోనైనా సర్దుకుపోయేది గానీ క్రియ తప్పితే మాత్రం ఊరుకునేది కాదు. పొయ్యి దగ్గరున్నా, బట్టలు ఆరేస్తున్నా వెనక్కి తిరిగి "వచ్చింది కాదే, వచ్చారు" అని దిద్దేది. నేను మళ్ళీ సరిగ్గా అనేదాకా పనిలో చెయ్యి పెట్టేది కాదు. అలాంటి మనిషి ఒక తప్పును నలుగురి ముందూ ఒప్పని చెప్పింది కాబట్టే ఆ శుక్రవారం నాకు గుర్తుండిపోయింది.

అప్పుడు మేము బ్నీద్ అల్ గార్‌లో ఉండేవాళ్ళం. మా మేడ కిందే కిరాణా కొట్టు. అది నడిపేది మా కోనసీమ ఆయనే. చుట్టం కాదు, కానీ నేను బాబాయి అనేదాన్ని. విమానంలో వచ్చే గోంగూర, కరివేపాకు కోసం శుక్రవారం మధ్యాహ్నం తెలుగువాళ్ళంతా అక్కడే చేరేవాళ్ళు. బాబాయికి రేడియో పిచ్చి. సగం అర్థమయ్యే అరబీతో ప్రపంచ రాజకీయాలు మొత్తం తేల్చేసేవాడు. గట్టిగా పాలించేవాడంటే ఆయనకు మహా ఇష్టం. "దేశానికి కర్ర పట్టుకునేవాడు ఉండాలండీ, ఆయ్, లేపోతే ఈ జనం మాట వింటారా ఏంటి?" అని బియ్యం తూస్తూ అనేవాడు. ఆ కర్ర ఎవరి వీపు మీద పడుతుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మా వీధిలో ఒక పరదేశం వాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. ఆ దేశం పేరు రాయను. రాస్తే చదివేవాళ్ళు అది ఆ ఒక్క దేశం కథే అనుకుంటారు. దాన్ని ఏలే పెద్దమనిషి మొదట ఓట్లతోనే వచ్చాడు. వచ్చాక ఒక్కొక్క తలుపే మూసుకుంటూ పోయాడు. ముందు పత్రికలు, తర్వాత న్యాయస్థానాలు, ఆ తర్వాత ఎన్నికలు. అప్పటికి ఆయన బొమ్మ లేని దుకాణం ఆ దేశంలో లేదని చెప్పుకునేవాళ్ళు. మా వీధిలోనూ వాళ్ళ టీ కొట్లలో, మంగలి షాపుల్లో ఆ బొమ్మే.

ఆ శుక్రవారం తెల్లవారేసరికి అక్కడి సైన్యంలో కొందరు ఆయన మీద తిరగబడ్డారు. పొద్దున మా వీధంతా గొంతు పట్టేసినట్టు అయిపోయింది. వాళ్ళ టీ కొట్లు తెరవలేదు. తెరిచిన ఒక్క కొట్టులో బొమ్మ ఉండే చోట మేకు మాత్రం కనిపించింది. ఎవరు గెలుస్తారో తేలేదాకా ఎవరి మొహం మీదా ఏ రంగూ లేదు. మధ్యాహ్నం నమాజు అయ్యేసరికి రేడియోలో ఆ పెద్దమనిషి గొంతు వినిపించింది. తిరుగుబాటు అణిగిపోయింది, ద్రోహులను ఒక్కొక్కరినీ ఏరేస్తాం అన్నాడట. బాబాయి రేడియో మీద చరిచి, "ఖలాస్! నే చెప్పలే?" అన్నాడు.

ఇక చూడాలి ఆ వీధిని. పొద్దున నోరు మెదపనివాళ్ళే ఇప్పుడు అందరికంటే గట్టిగా అరిచారు. కార్ల హారన్లు మోగాయి. మేకులకు బొమ్మలు తిరిగొచ్చాయి. ఈ దేశంలో పరాయివాళ్ళు ఊరేగింపులు తీయకూడదు, మూల మీద పోలీసు కారు కూడా నిలబడి ఉంది. అందుకని వాళ్ళ సంబరమంతా మిఠాయి పళ్ళేల్లోకి దిగింది. తేనె ఓడే మిఠాయి ఇంటింటికీ, కొట్టుకొట్టుకూ తీసుకెళ్ళి పంచారు. ఆ పంచడంలో ప్రేమేమీ లేదు. పళ్ళెం పట్టుకున్నవాడి కళ్ళు ఎదుటివాడి చేతి మీదే ఉండేవి. ఎవరు వెంటనే తీసుకున్నారు, ఎవరు ఆలోచించారు, ఎవరు తలుపు తీయలేదు అన్నీ చూసుకుంటున్నారు. ఆలస్యంగా తీసుకున్నవాడి పేరు సాయంత్రానికి వాళ్ళ రాయబార కార్యాలయానికి చేరుతుందని వాళ్ళలో వాళ్ళకే తెలుసు. పాస్‌పోర్టులన్నీ కొత్తవి చేయించుకోవలసింది అక్కడే. వెనక ఊళ్ళో ఉన్నవాళ్ళ మెడలు కూడా ఆ చేతుల్లోనే.

అమ్మా నేనూ కొట్టులో ఉండగా జాబ్రియా అక్క వచ్చింది. కడప వైపు మనిషి, జాబ్రియాలో ఒక ఇంట్లో పని. మా అమ్మకు ఆ మధ్యే పరిచయమైంది. ఆమె గడప ఎక్కగానే బాబాయి మొదలుపెట్టాడు.

"రామ్మా రా, గోంగూర నీకెందుకు, సంగటి పిండి కావాలేమో?"

"సంగటి ముద్ద యాడ పెడితే ఆడ్నే ఉంటాదిలేన్నా. మీ పూతరేకులే, ఫ్యానేస్తే ఎగిరిపోతాయి."

ఎప్పుడూ ఉండే వేళాకోళమే గానీ ఆ రోజు అక్క మొహంలో నవ్వు లేదు. అమ్మ దగ్గరగా వచ్చి కళ్ళ కింద వేలితో గీసి చూపిస్తూ అంది: "మా మామా పొద్దన్నించీ ఏడుస్తానే ఉండాదమ్మా. ఒక ముద్ద గూడ ముట్టలే."

ఇక్కడ చదివేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. కువైట్‌లో ఇంటిపనికి వచ్చిన మనవాళ్ళు ఆ ఇంటి ఇల్లాలిని మామా అంటారు. అక్క పనిచేసే ఇల్లు ఆ దేశం వాళ్ళదే. ఆ ఇల్లాలి తమ్ముడు అక్కడి సైన్యంలో ఉన్నాడు, తిరగబడ్డ పటాలంలోనే. అమ్మకు ఇది తెలుసు, బాబాయికీ తెలుసు. నాకు తెలియదు. నాకు తెలిసిన మామ అమ్మకు తమ్ముడు, పండక్కి గౌను పంపించేవాడు. అక్క వాళ్ళ మామ ఎవరో పాపం ఏడుస్తున్నాడని మాత్రం అనుకున్నాను. ఏడుస్తున్నాడు అనకుండా ఉండాది అంటోందేమిటని కూడా అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే అక్క వెనక మిఠాయి పళ్ళెం కనిపించింది. పట్టుకున్నది అర్దియాలో కార్ల గ్యారేజీ నడిపే ఆ దేశపు మనిషి. కొట్టుకు పాత ఖాతాదారు. జాబ్రియా ఇంటి కారు బాగుచేసేదీ ఆయనే, కాబట్టి అక్క ఎవరి ఇంట్లో పనిచేస్తుందో ఆయనకు తెలుసు. పొద్దున మూసి ఉన్న దుకాణాల్లో ఆయన గ్యారేజీ కూడా ఒకటని తర్వాత విన్నాను. ఆయనకు తెలుగు రాదు. కానీ మామా అన్న మాట ఏ భాషలో ఉన్నా వాళ్ళ చెవికి తగులుతుంది. కళ్ళ కింద గీసిన వేలూ కనిపించింది.

"మామా? ఏమైంది మామాకు? ఏడుస్తోందా?" అన్నాడు బాబాయితో, వచ్చీరాని హిందీలో. నవ్వుతూనే అడిగాడు. పళ్ళెం మాత్రం కదల్లేదు.

రేడియోలో కవాతు పాట వస్తోంది. అక్కకు ప్రశ్న అర్థమైంది. వంటింట్లో నేర్చుకున్న భాషలకు వేగం ఎక్కువ. ఆమె బాబాయి వైపు తిరిగి చిరాకు పడుతున్నట్టుగా అంది: "అన్నా, మామ అంటే మా యమ్మ తమ్ముడని జెప్పు. ఊర్లో ఎనుము సచ్చిపోయిందంట, ఏడుస్తాండాడని జెప్పు."

ఇప్పుడంతా బాబాయి నోట్లో ఉంది. పొద్దుటినుంచి ఆ పెద్దమనిషిని పొగిడిన నోరు. ద్రోహులను ఏరేస్తాం అని వినగానే ఖలాస్ అన్న నోరు. ఆయన ఒకసారి పళ్ళెం వైపు, ఒకసారి అక్క వైపు చూశాడు. తర్వాత త్రాసులో ఉన్న ఉల్లిపాయలు తీసి పక్కన పెట్టి, హిందీలో చెప్పాడు. ఈమె మామ, ఊళ్ళో ఉంటాడు, గేదె చచ్చిపోయింది, అందుకని ఏడుస్తున్నాడు. హిందీలోనూ మామ మామే కాబట్టి మాట బాగానే అతికింది.

గ్యారేజీ మనిషి నమ్మీ నమ్మనట్టు చూశాడు. అతనికి ఆ రోజు ఒక పేరు కావాలి. తన దుకాణం పొద్దున ఎందుకు మూసి ఉందని ఎవరైనా అడిగేలోగా ఇంకెవరి పేరో తను చెప్పాలి. అతని కళ్ళు నా మీద పడ్డాయి. వీధిలో పిల్లలతో నేను అరబీలో పోట్లాడటం అతను చూసినవాడే. వంగి, ఒక మిఠాయి ముక్క నా చేతిలో పెట్టి, మెత్తగా అరబీలో అడిగాడు. పిల్లలు అబద్ధం చెప్పరు కదా, మీ భాషలో మామా అంటే ఎవరు?

నేను వెంటనే "ఖాల్" అన్నాను. ఖాల్ అంటే మేనమామ. నాకు తెలిసిన నిజం అదే. కానీ నా బుర్రలో క్రియ ఇంకా తిరుగుతూనే ఉంది. ఇన్నాళ్ళూ దిద్దించుకున్న పిల్లను, ఇంకొకరి తప్పు దొరికితే ఊరుకుంటానా? అమ్మ కొంగు లాగి తెలుగులో అడిగాను: "మరి అక్క ముందు ఏడుస్తా ఉండాది అందిగా? మామ అయితే ఏడుస్తున్నాడు అనాలి కదమ్మా?"

అక్క చేతిలో సంచీ నలిగిన చప్పుడు వినిపించింది. "ఏమంటోంది?" అన్నాడు గ్యారేజీ మనిషి.

"ఇంకో ముక్క కావాలంటోంది," అన్నాడు బాబాయి.

అమ్మ నా తల మీద చెయ్యి వేసింది. రోజూ వంటింట్లో పాఠం చెప్పే గొంతే. "తప్పేం కాదే. వాళ్ళ కడప వైపు మగవాళ్ళకి కూడా అలాగే అంటారు," అంది.

అంతే, నా అనుమానం తీరిపోయింది. అమ్మ చెప్పిన వ్యాకరణానికి తిరుగులేదు. నా మొహం తేటపడటం గ్యారేజీ మనిషి చూశాడు. ఆ మొహాన్నే నమ్మాడు. ఇంకో ముక్క నాకిచ్చి, పళ్ళెం అక్క ముందు పెట్టి "యల్లా", ఊఁ కానీ, అన్నాడు. అక్క తీసుకుంది. అతను చూస్తుండగానే నమిలి మింగింది. అతను పక్క కొట్టుకు వెళ్ళాక సబ్బుల పెట్టె మీద కూలబడి, "గొంతులో అడ్డం పడిందమ్మా," అని నీళ్ళడిగింది.

బాబాయి నీళ్ళిచ్చాడు గానీ దయగా ఇవ్వలేదు. "నా కొట్టులో నిలబడి ఊసులా? ఇకనించి మేడమ్ అని ఏడవండి, మామా ఏంటి మామా!" అని కసిరాడు. రేడియో కట్టేశాడు. ఆ తర్వాత కూడా కర్ర పట్టుకునేవాడు కావాలని అంటూనే ఉండేవాడు. మనుషులు ఒక్క మధ్యాహ్నంలో మారిపోరు. కానీ ఆ మధ్యాహ్నం మాత్రం ఆ కర్ర తన చేతికి వస్తే ఆయన పట్టుకోలేదు.

జాబ్రియా కుటుంబం కొన్నాళ్ళకు వేరే దేశం వెళ్ళిపోయింది. అక్కకు ఇంకో ఇంట్లో పని దొరికి, ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఆ ఇంటివాళ్ళ పేరుకు మారింది. ఆ ఇల్లాలి తమ్ముడు ఏమయ్యాడో అక్కకూ తెలియలేదు. తిరగబడ్డవాళ్ళు గెలిచి ఉంటే అంతా మంచే జరిగేదని నేననను. తుపాకీతో వచ్చినవాళ్ళు తుపాకీని ఎక్కడ దించుతారో ఎవరికి తెలుసు? కానీ ఓడినవాళ్ళలో ఒకడి కోసం అతని తోడబుట్టినామె తన ఇంట్లో తలుపు వేసుకుని ఏడవడం కూడా నేరమైన ఆ సంబరాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

చాలా ఏళ్ళు నేను అమ్మ మాటే నమ్మాను. పత్రికలో పనికి చేరాక, ఒక కడప స్నేహితురాలితో మీ వైపు మగవాళ్ళకు కూడా వచ్చింది, పోయింది అంటారట కదా అన్నాను. ఆమె పడీపడీ నవ్వింది. "మా మొగోళ్ళు ఇంటే ఊరుకుంటారా తల్లీ! ఎవరు జెప్పినారు నీకు?" అంది. ఆ సాయంత్రమే అమ్మను అడిగాను. అమ్మ మరిచిపోలేదు. "నీచేత అబద్ధం చెప్పించడం నాకిష్టం లేదే. నిజం చెప్పనివ్వడానికా, వీల్లేదు. అందుకని ఆ అబద్ధమేదో నేనే చెప్పేశాను," అంది.

ఈ మధ్య మళ్ళీ ఎక్కడో ఒక సైనిక తిరుగుబాటు విఫలమైంది. మళ్ళీ ఒక పెద్దమనిషి గొంతు, మళ్ళీ జెండాలు, మళ్ళీ మిఠాయిలు. ఇప్పుడు ఇవన్నీ ఫోన్లోనే కనిపిస్తాయి. ఒక వీడియోలో ఎవరో వీధిలో ఒక చిన్నపిల్ల ముందు మైకు పెట్టి, మీ ఇంట్లో నిన్న ఏమనుకున్నారని అడుగుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ముద్దుగా నవ్వుతున్నారు. పిల్ల వెనక నిలబడ్డ తల్లి మాత్రం నవ్వడం లేదు. ఆ తల్లి చెయ్యి పిల్ల తల మీదికి వస్తుండగానే వీడియో అయిపోయింది.

మా మనవరాలు కూడా ఇక్కడే, కువైట్‌లోనే పుట్టింది. దానికీ నా జబ్బే వచ్చింది. నిన్న లిఫ్టులో నలుగురి మధ్య "తాతయ్య అరిచింది" అంది. దిద్దడానికి నోరు తెరిచాను. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, ముందు పక్కన ఎవరెవరు నిలబడ్డారో ఒకసారి చూసుకున్నాను.